సీసాలో గోలీలు

పగలంతా తేదీలు కొట్టడమే నా పని.
చిత్తూరు అవతల మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో
డబ్బా మూత మీద నెల, సంవత్సరం, బ్యాచి నంబరు.
తోతాపురికి రెండేళ్ళ ఆయుష్షు రాసిచ్చే చెయ్యి ఇది.
మూత బిగిసేముందు ఆవిరి పట్టి
గాలిని బయటికి తరిమేస్తాం.
అది మాకు చదువురానివాళ్ళకి కూడా తెలుసు.

రాత్రి గ్రీమ్స్‌పేటలో, స్నానాలగది అటక మీద
ఇంకో రకం ఆయుష్షులు కాచుకోనుంటాయి.
దగ్గుమందు రంగు సీసాల్లో డెవలపరు,
పాత నూనె క్యానులో హైపో.
సీసాకో ప్లాస్టరు ముక్క, దాని మీద కలిపిన రోజు.
కింద మా కోమలవల్లి రాసింది: విషం, ముట్టుకోవద్దు.
ఆమె అక్షరాలు నా తేదీలకంటే పెద్దవి.
ఎండాకాలం కదా, ఫ్రిజ్జులో పెడదామంటే
మజ్జిగ పక్కన నీ కషాయమా, అంది.

డెవలపరుకి చావు చప్పుడు చేయకుండా వస్తుంది.
మొదట నీళ్ళు.
తర్వాత పలచటి టీ.
తర్వాత గ్లాసు అడుగున మిగిలిన డికాషను.
నిండు సీసాలో ఆర్నెల్లు బతికేది
సగం సీసాలో రెండు నెల్లకే కన్నుమూస్తుంది.
మనం వంపుకున్నంత చోటులో
గాలి వచ్చి కూర్చుంటుంది మరి.
అందుకే గోలీలు.
వాడినంత మందుకి సరిపడా గాజు గోలీలు,
మట్టం మళ్ళీ సీసా మెడ దాకా లేచేంతవరకు.
చర్చివీధిలో స్టూడియోకి తాళం వేసిన రోజు
చెంగల్రాయులు ఆ సంచీ నా చేతిలో పెట్టినాడు.
"మందు నీదే రా, గాలి అందరిదీ."
నవ్వాను.
గోలీలు పక్కింటి పిల్లోడికిచ్చాను.

పోయిన జూన్‌లో, కాయ ముమ్మరంగా దిగేటప్పుడు
ఒక రీలు తీశాను, ముప్ఫై ఆరూ కోత బల్ల దగ్గరే.
గుడ్డ కట్టుకున్న తలలు, కత్తులు, టెంకల గుట్ట.
అంజూరమ్మ చెయ్యెత్తి వేళ్ళు విప్పింది,
సొన కాల్చిన వేళ్ళు, గోళ్ళ చుట్టూ నలుపు.
"దీన్నీ తియ్యి సారూ, మొహంలో ఏముంది."
సీజను అయిపోయింది. ట్రాక్టరెక్కి
గుడిపాల దాటి ఎవరి ఊరికి వాళ్ళు.
నేను రేపన్నాను, ఆదివారమన్నాను,
వినాయకచవితి పోయింది.

ఆ రాత్రి కరెంటు లేదు. వీధంతా చీకటిగదే.
మంచి శకునమనుకున్నాను.
సీసా రంగు చూడలేదు.
ప్లాస్టరు మీద ఏప్రిల్ అని ఉంది,
నలభై రెండు డిగ్రీల ఏప్రిల్.
పదకొండు నిమిషాలు తిప్పాను, తట్టాను, లెక్కపెట్టాను.
హైపో పోసి, కడిగి, టార్చి వేస్తే
రీలు పొడవునా అద్దం.
ఒక్క మొహం లేదు. ఒక్క వేలు లేదు.
అంచున కంపెనీవాడు దాచిన అంకెలు కూడా లేవు.

తెలిసినవాడికి ఆ అంకెలే సాక్షులు.
అంకెలుండి బొమ్మ లేకుంటే కెమెరా మీదికి తోసెయ్యొచ్చు.
అంకెలు కూడా లేకుంటే
మందు ఎప్పుడో చచ్చింది,
శవంతో పని చేయించింది నేను.

మళ్ళీ జూన్.
గేటు దగ్గరే పట్టుకుంది అంజూరమ్మ, ఫోటో ఏది సారూ అని.
నాలిక మీదికి రెండు మూడొచ్చాయి:
ల్యాబువాడు పోగొట్టాడు, వానకి తడిసింది...
"నా దగ్గర మందు చెడిపోయింది" అన్నాను.
ఆమె నా వేళ్ళ వంక చూసింది.
గోళ్ళలో గోధుమరంగు మరక, ఎంత రుద్దినా పోనిది.
"నీకూ సొన తగిలిందే" అంది,
లోపలికెళ్ళి కత్తి నూరుకుంది.

ఆ సాయంత్రం బ్యాటరీ అంగడి నీళ్ళు తెచ్చి
కొత్త పొడి కలిపాను.
ఫిలిం నాలుక కత్తిరించి, వెలుతురులోనే
ఒక చుక్క వేసి చూశాను.
రెండు నిమిషాలకు నల్లబడింది. ప్రాణముంది.
సీసా మాత్రం నాలుగువేళ్ళు వెలితి.

పక్కింటికి పోయి గోలీలు అడిగాను.
పిల్లోడు లెక్కపెట్టి పదకొండిచ్చాడు.
మిగతావి ఆడి గెల్చుకోమన్నాడు.